బెత్తనం

గిన్నెలు తోముతా నాలో నేను గొణుక్కున్న మాట
ఎట్లా విన్నదో ఏమో దలాల్,
ఆరేండ్ల పిల్ల,
ఫ్రిజ్ పక్కన చల్లటి బండల మీద కూచుని
"బెత్తనం అంటే ఏంది ఓబులా?" అనింది.

అరబ్బీలో ప లేదు.
పెప్సీ ఇక్కడ బెబ్సీ.
మా పుల్లంపేట ఈ ఇంట్లో బుల్లంబేట.
పెత్తనం కూడా బెత్తనమయింది,
పిల్ల నోట్లో దానికి
తెలీకుండానే ఒక బెత్తం మొలిచింది.

చెప్పాలంటే మొదలు నీ పేరు చెప్పాల తల్లీ.
మీ భాషలో దలాల్ అంటే గారాబం.
మా పక్క దలాల్ అంటే
లక్షా ఇరవై వేలు ఎంగిలి వేలితో లెక్కబెట్టుకుని
నన్ను విమానమెక్కించినోడు.
మామా అంటే మీకు అమ్మ.
మాకు, పెండ్లికూతుర్ని గంపలో మోసుకొచ్చేవాడు.
మీ అమ్మను మామా అని పిలవాలంటే
మొదటి నెలంతా నవ్వొచ్చి చున్నీ అడ్డం పెట్టుకున్నా.
రెండో నెలకు నవ్వు పోయింది.

పెత్తనం.
పెద్ద అనే మాట కడుపున పుట్టింది,
పెద్దరికానికి తోబుట్టువు.
పెద్దరికం నలుగురు ఇస్తే నిలబడతాది.
మంచం దిగలేని మీ అవ్వకు ఉండాది చూడు,
ఆమె దగ్గితే ఇంట్లో టీవీ నోరు మూస్తాది.
పెత్తనం ఎవరూ ఇవ్వరు.
తాళంచెవులు పట్టుకున్న చేతికి అంటుకుంటాది,
చేపల నీసు మాదిరి.

ఎట్లా వాడతారంటావా?
మీ అమ్మ నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేసిందే,
దాన్ని పెత్తనం అనరు.
దానికి ఇంకో మాటుంది, నువ్వు పెద్దయినాక చెప్తా.
పెత్తనమంటే ఉప్పు.
మచ్బూస్‌లో ఎంత వేయాలో
పొయ్యి ముఖం చూడని మీ అత్త
సోఫాలోంచి చెప్తాది చూడు, అదీ.
సిలోన్ డ్రైవరు నిశాంత
సారు ఊళ్ళో లేనప్పుడు సారు గొంతుతో
తోటమాలిని పిలుస్తాడు చూడు, అదీ అదే.

నేనేం తక్కువ తిన్నానా?
పోయిన నెల కొత్తగా వచ్చిన తిగిస్త్,
ఇథియోపియా పిల్ల, పద్దెనిమిది కూడా ఉండవు,
తడిగుడ్డ ఎండిన బండ మీద వేసిందని
అరిచినా.
నోరు నాదే, గొంతు మీ అమ్మది.
అంత చక్కని అరబ్బీ
నాకు ముందెప్పుడూ రాలే.
ఆ పొద్దు అన్నం సయించలే.

ఇదంతా పిల్లతో అనలేదు.
"నువ్వు నా గాజులు లాక్కుంటావే, అదే పెత్తనం" అన్నా.
"ప అను. పెదాలు మూసి వదిలెయ్."
"బె."
"ప."
"బె."
ఇద్దరం నవ్వినాం. నురగ మోచేయి దాకా కారింది.

ఇంకో అర్థముంది, చెప్పకపోతే మాట కుంటిదయితాది.
మా ఊళ్ళో పనీపాటా వదిలేసి
ఇల్లిల్లూ తిరిగి పొద్దుగూకి వస్తే
మా యమ్మ చేట కింద కొట్టి అడిగేది,
"యాడికి పొయినావే పెత్తనాలకు?"
వెనక ఒక్క 'లు' చేరితే చాలు,
అజమాయిషీ కాస్తా
కాళ్ళకు చెప్పులేసుకుని వీధిలోకి దిగుతాది.

నెలకు రెండు శుక్రవారాలు.
జహ్రాలో బస్సెక్కి మాలియాలో దిగి
మూర మల్లెలు కొనకుండా వాసన చూసి,
మన పక్క మాట చెవినబడితే ఆగి,
ముఖం తెలీని ఆడోళ్ళ చీటీ తగాదాలో
అడగకుండానే తీర్పు చెప్పి,
ఏ సందులోకి తిరగాల్నో
నా మడమనే అడిగి తిరుగుతా.

ఆ శుక్రవారం గంట ఆలస్యం.
గేటు తీసి, చేయి తీయకుండా
మామా అడిగింది, "వేన్ కుంతీ?"
ఎక్కడుంటివి అని.
నా చెవికెప్పుడూ అది
భారతంలో కుంతిని పిలిచినట్టే వినబడతాది.
నేను చెప్పులు విడుస్తా ఉన్నా.
తలుపు చాటు నుంచి దలాల్ అరిచింది,
"బెత్తనాలకు!"

అదేం మాట, అని పిల్లనడిగింది, నన్నడిగింది.
తిగిస్త్ కూడా వంటింట్లోంచి తొంగిచూసింది.
ఎవ్వరం చెప్పలే.